బ్యానర్ మీద పేరు ఎవరిది, సొమ్ము ఏ జేబుది?

కనిగిరి పేరు చెబితే టెన్నిస్ గుర్తొచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. వర్జీనియా పొగాకు గుర్తొస్తుంది, మిరప గుర్తొస్తుంది, ఫ్లోరైడు నీళ్లు గుర్తొస్తాయి. అయినా కంపెనీల సొమ్ముతో జరిగే సేవా టెన్నిస్ టోర్నమెంట్ల గురించి రాయమంటే నేను కనిగిరి పొగాకు వేలం కేంద్రం దగ్గరే మొదలుపెడతాను. టెన్నిస్‌ను మోసిన కంపెనీల్లో ఒకప్పుడు ముందువరసలో నిలబడ్డది పొగాకు వాళ్లే. ఆ కథలో మన ఆకుకూ చోటుంది.

సంక్రాంతి దాటాక ఆ చుట్టుపక్కల రెలుపులు, అంటే ఆకు కోతలు, జోరందుకుంటాయి. కోసిన పచ్చాకును కర్రలకు కట్టి, వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో అంతస్తులుగా వేలాడదీస్తారు. కింద పొయ్యి రాత్రీ పగలూ మండాలి. వేడి కాస్త అటూ ఇటూ అయితే ఆకు నల్లబడుతుంది, నల్లబడితే గ్రేడు పడిపోతుంది. అందుకే రైతు బ్యారన్ పక్కనే మంచం వేసుకుంటాడు. నిమ్మపండు రంగు తేలిన ఆకును గ్రేడు చేసి, బేళ్లు కట్టి, పొగాకు బోర్డు వేలం కేంద్రానికి తోలతాడు. అక్కడ బేళ్ల వరసల మధ్య నడిచి ధర పెట్టే కొనుగోలుదారుల్లో ఐటీసీ పెద్దది. ఆ సంస్థ ఆకు కొనుగోలు విభాగాన్ని మనవాళ్లు ఇప్పటికీ ఐఎల్‌టీడీ అనే పిలుస్తారు. 1912లో పుట్టిన సంస్థ అది. చీరాలలో దాని పేరు తెలియని ఇల్లు లేదు.

ఇదే ఐటీసీ గోల్డ్‌ఫ్లేక్ సిగరెట్టు పేరుతో 1997 నుంచి 2001 దాకా చెన్నై నుంగంబాకంలో అంతర్జాతీయ పురుషుల టెన్నిస్ టోర్నమెంటు నడిపింది. పేరు గోల్డ్‌ఫ్లేక్ ఓపెన్. 1998లో ప్యాట్రిక్ రాఫ్టర్ అక్కడ గెలిచాడు. లియాండర్ పేస్, మహేష్ భూపతి జోడీ వరసగా టైటిళ్లు కొట్టింది కూడా అక్కడే. ఏ బేలు ఏ పెట్టెలోకి పోయిందో ఎవరూ చెప్పలేరు గానీ, ఆ కోర్టు చుట్టూ కనిపించిన అక్షరాల ఖర్చు ఆకు వ్యాపారంలోంచే వచ్చింది.

అమెరికాలో ఇంకా ముందే జరిగింది. 1970లో లాస్ ఏంజెలిస్‌లో ఒక టోర్నమెంటు పురుషుల విజేతకు 12,500 డాలర్లు, మహిళల విజేతకు 1,500 డాలర్లు ప్రకటించింది. మండిపడిన తొమ్మిదిమంది క్రీడాకారిణులు ఆ సెప్టెంబరులో హ్యూస్టన్‌లో ఒక్కో డాలరుకు సంతకం చేసి వేరుకుంపటి పెట్టుకున్నారు. బిల్లీ జీన్ కింగ్ అందులో ఒకరు. పత్రికా సంపాదకురాలు గ్లాడిస్ హెల్డ్‌మన్ మాట మీద ఫిలిప్ మారిస్ కంపెనీ అధిపతి జో కల్‌మన్ డబ్బు పెట్టాడు. ఆడవాళ్ల కోసం కొత్తగా తెచ్చిన వర్జీనియా స్లిమ్స్ సిగరెట్టు పేరే ఆ పోటీలకు పెట్టారు. ఈనాడు మహిళా టెన్నిస్‌కు ఉన్న డబ్బుకూ మర్యాదకూ పునాది అక్కడ పడింది, అందులో అబద్ధం లేదు. అదే చేత్తో ఆడపిల్లలకు సిగరెట్టు అంటగట్టిందీ నిజమే. రెండింట్లో ఏ ఒక్కటి చెప్పి ఊరుకున్నా కథ సగమే.

మనదేశంలో 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం ఇలాంటి స్పాన్సర్‌షిప్‌లను నిషేధించింది. 2004 మే 1 నుంచి అది అమల్లో ఉంది. ఐటీసీ అంతకు ముందే తప్పుకుంది. 2002లో చెన్నై పోటీ టాటా ఓపెన్ అయింది, 2010 నుంచి ఎయిర్‌సెల్ చెన్నై ఓపెన్. 2017తో ఆ పోటీ చెన్నై వదిలి పుణె పోయింది, 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసింది. చెన్నైలో ఉన్నన్నాళ్లూ కోర్టు అదే, ఆట అదే, పేరు మాత్రం ఎవరు డబ్బిస్తే వాళ్లది.

కంపెనీలకు టెన్నిస్ మీద ఇంత మోజెందుకు? ఆట మధ్యలో ఖాళీ ఎక్కువ. పాయింటుకూ పాయింటుకూ మధ్య 25 సెకన్లు, కోర్టు వైపు మారేటప్పుడు 90 సెకన్లు. టీవీ కెమెరా ఎక్కువసేపు ఒకేచోట, కోర్టు వెనక ఎత్తున ఉంటుంది. కాబట్టి ఎదుటి వైపు గోడ మీది అక్షరాలు ఆట జరిగినంతసేపూ కళ్లముందే ఉంటాయి. పైగా చూసేవాళ్లలో జేబు బరువున్నవాళ్లు ఎక్కువ. అమెరికాలోని మన తెలుగు సంఘాల టోర్నమెంటుకు టీవీ లేకపోయినా డాక్టర్లు, ఐటీ మేనేజర్లు, వ్యాపారులు కుటుంబాలతో సహా రోజంతా అక్కడే ఉంటారు. ఇళ్ల స్థలాలు అమ్మేవాళ్లకూ ఇన్సూరెన్సువాళ్లకూ అంతకన్నా ఏం కావాలి?

తెలుగునాట ప్రభుత్వమే స్పాన్సర్ అయిన ముచ్చటా ఉంది. 2003లో మొదలైన మహిళల అంతర్జాతీయ పోటీకి ఏపీ టూరిజం హైదరాబాద్ ఓపెన్ అని పేరు. 2005 ఫిబ్రవరిలో సానియా మీర్జా అలోనా బొందరెంకోను ఓడించి ఆ టైటిల్ గెలిచింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు తనే. ఆమె చిన్న వయసులో ఆడుతున్నప్పుడే జీవీకే సంస్థ వెన్నంటి నిలిచింది. స్పాన్సర్‌షిప్ అంటే మూతి ముడిచేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. రాకెట్లు, కోచ్, విమానం టికెట్లు అనుకుంటూ పోతే ఈ ఆట మధ్యతరగతి ఇంటి మోతకు మించినది. ఉయ్యూరులో పుట్టి, అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడి, 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చిన సాకేత్ మైనేనిది కూడా అలాంటి ఖరీదైన దారే.

సేవ అన్న మాట వచ్చి చేరాక లెక్క మారుతుంది. 2020 ఫిబ్రవరిలో కేప్‌టౌన్‌లో ఫెదరర్, నాదల్ ఆడిన ఒక్క రాత్రి ఆట ఆఫ్రికా దక్షిణ ప్రాంతపు పిల్లల చదువు కోసం 35 లక్షల డాలర్లు కూర్చింది. చూసినవాళ్లు 51 వేల పైచిలుకు. మన సంఘాలకు ఫెదరర్ రాడు, కాబట్టి చిన్న లెక్క చూద్దాం. 64 మంది, తలా 100 డాలర్ల ప్రవేశ రుసుం, 6,400 డాలర్లు. నాకౌట్ పద్ధతిలో 63 మ్యాచులు, మ్యాచుకో కొత్త బంతుల డబ్బా. కోర్టుల అద్దె, టీషర్టులు, బిర్యానీ, కప్పులు, బీమా. ఖర్చు 5,500 అయిందనుకోండి, సేవకు మిగిలేది 900. అదే 5,500 ఒక స్పాన్సర్ భరిస్తే, ఆటగాళ్లిచ్చిన 6,400 మొత్తం సేవకు పోతుంది. సేవా టోర్నమెంటులో కంపెనీకి ఉన్న అసలు పని ఇదే: ఖర్చు తన నెత్తిన వేసుకోవడం. ఆ మాట ముందే రాసుకోని చోట స్పాన్సర్ డబ్బంతా స్టేజీకీ పువ్వులకూ పోయి, చివర్లో పెద్ద అట్ట చెక్కు పట్టుకుని ఫొటో ఒక్కటే మిగులుతుంది.

ఇక జేబు సంగతి. కంపెనీకి రెండు జేబులుంటాయి, ఒకటి ప్రకటనలది, రెండోది సేవది. భారతదేశంలో 2014 ఏప్రిల్ నుంచి, 500 కోట్ల నికర విలువ లేదా 1,000 కోట్ల టర్నోవరు లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. సీఎస్ఆర్ అంటున్నది ఇదే. తన సరుకుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కిందికి రాదని 2021 నిబంధనలు తేల్చాయి. మారథాన్లలాంటి ఒక్కరోజు సందడులు కూడా లెక్కకు రావని కేంద్రం 2014 జూన్‌లోనే చెప్పింది. గ్రామీణ క్రీడలకూ ఒలింపిక్ క్రీడలకూ శిక్షణ ఇప్పిస్తే వస్తుంది. సురక్షితమైన తాగునీరు ఇస్తే వస్తుంది. అంటే బ్యానర్ డబ్బు ప్రకటనల జేబులోంచి, నీళ్ల డబ్బు సేవ జేబులోంచి రావాలి. చాలామంది నిర్వాహకులు మొదటి జేబు దగ్గరే చేయి చాపి వెనక్కి వస్తున్నారు. రెండోది ఉందని వాళ్లకు తట్టదు.

అమెరికాలో ఈ గీత ఎలా పడిందో చెబితే మన పత్తి రైతులు నవ్వుతారు. డల్లాస్‌లో అప్పట్లో ఏటా జరిగిన ఫుట్‌బాల్ పోటీ పేరు కాటన్ బౌల్. మొబిల్ చమురు కంపెనీ దానికి తన పేరు తగిలించింది. అది దానం కాదు, ప్రకటన, పన్ను కట్టమని 1991లో పన్నుల శాఖ తేల్చింది. దేశమంతటా గగ్గోలు లేచింది. చివరికి 1997లో చట్టమే మార్చారు. దాని సారాంశం ఇది: స్పాన్సర్ పేరు, లోగో, చిరునామా వేసి కృతజ్ఞత చెప్పుకోవచ్చు, పన్ను పడదు. ‘ఇంతకన్నా మంచి సరుకు లేదు’ అనో, ధర వేసో, కొనమనో రాస్తే అది ప్రకటన. ‘500 మంది వస్తేనే ఇంత ఇస్తాను’ అని జనం లెక్కకు ముడిపెట్టినా ఆ మినహాయింపు పోతుంది. ఇక ప్రవేశ రుసుం మొత్తానికీ పన్ను రాయితీ వస్తుందనుకోవడం పొరపాటు. ఆటకూ భోజనానికీ టీషర్టుకూ విలువ కట్టి తీసేయగా మిగిలిందే దానం. 75 డాలర్లు దాటిన చెల్లింపు అయితే ఆ విలువ ఎంతో సంఘం రాసి ఇవ్వాలి. మైక్ పట్టుకున్న మన మిత్రులు ఉత్సాహంలో ‘మొత్తం ట్యాక్స్ డిడక్టబులే’ అనేస్తుంటారు. అనకండి.

డబ్బు సముద్రం దాటేటప్పుడు ఇంకో తూము ఉంది. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డున్నవాళ్లు, అక్కడి సంఘాలు పంపేది విదేశీ విరాళం. పుచ్చుకునే ట్రస్టుకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. వచ్చినదాన్ని ఆ ట్రస్టు మరో సంస్థకు మళ్లించకూడదు, కార్యాలయ ఖర్చులు 20 శాతం దాటకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే మాత్రం అది విదేశీ విరాళం కాదు. ఊళ్లో బావమరిది ఖాతాకు పంపి పని చేయించుకుందాం అనుకునేవాళ్లు ఈ పేరా మరోసారి చదవండి.

ఇవన్నీ కనిగిరికి ఎందుకంటే, అక్కడ దాహం తీర్చే నీళ్లే ఎముకలు వంచుతున్నాయి. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు దాకా మంచిదనీ, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చనీ మన ప్రమాణాల సంస్థ చెబుతుంది. ఆ ప్రాంతపు బోర్లలో చాలావాటి నీరు ఆ గీత దాటుతుంది. పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు, పెద్దల్లో వంగని మోకాళ్లు, తిరగని మెడలు. నీళ్లు వడగట్టే ఆర్వో ప్లాంటు పెట్టించడం దాతలకు ఇష్టమైన పని, ఎందుకంటే గోడ మీద పేరు రాయించుకోవచ్చు, రిబ్బను కత్తిరించవచ్చు. ప్లాంటు నడవాలంటే మాత్రం కరెంటు బిల్లు, ఆపరేటరు జీతం, ఎప్పటికప్పుడు మార్చాల్సిన ఫిల్టర్లూ పొరలూ కావాలి. వీటి మీద పేరు రాయించుకునే చోటు లేదు. అందుకే వీటికి దాత దొరకడు. వడగట్టగా మిగిలిన నీళ్లలో ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. దాన్ని ఎటు వదలాలన్నది ప్రారంభోత్సవం రోజున ఎవరూ అడగని ప్రశ్న.

మా వైపు తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు స్పాన్సర్‌షిప్ కొత్తేమీ కాదు. మొదటి బహుమతి దాత ఫలానా, రెండో బహుమతి దాత ఫలానా అని మైకు గొంతు చించుకుంటుంది. ఇచ్చినవాడు పేరు కోసమే ఇచ్చాడు, అందరికీ తెలుసు, ఎవరూ దాన్ని సేవ అనరు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. పేరు కోసం ఇచ్చే డబ్బు చెడ్డదని నేననను. దానికి సేవ ముసుగు వేస్తేనే పేచీ.

ఎవరి పేరు వేస్తున్నామన్నది కూడా చిన్న విషయం కాదు. ఎల్టన్ జాన్, బిల్లీ జీన్ కింగ్ కలిసి ఎయిడ్స్ బాధితుల కోసం 1993లో మొదలుపెట్టిన స్మాష్ హిట్స్ అనే టెన్నిస్ సేవా ఉత్సవాన్ని తర్వాత కొన్నేళ్లు మైలాన్ మందుల కంపెనీ మోసింది. హైదరాబాదు మ్యాట్రిక్స్ ల్యాబొరేటరీస్‌ను కొన్న మైలానే అది. ఎయిడ్స్ మందులు చౌకగా చేసే కంపెనీ ఎయిడ్స్ సేవకు డబ్బివ్వడం చక్కగా అతికింది. ఈలోగా 2016లో అదే కంపెనీ ఎపిపెన్ ఇంజెక్షన్ ధర అంతకంతకూ పెంచిందని అమెరికా కాంగ్రెస్ పిలిచి నిలదీసింది. నిర్వాహకులు ఇవన్నీ ముందే ఊహించలేరు. అందుకే ఒప్పందంలో ‘పరువు పోయే పరిస్థితి వస్తే పేరు తీసేస్తాం’ అన్న షరతు ఉండాలి. సిగరెట్టు, మద్యం, ఆన్‌లైన్ జూదం కంపెనీల విషయంలో ఆ షరతు దాకా కూడా పోనక్కర్లేదు, మొదట్లోనే వద్దనాలి. పొగాకు మీద బతికిన ఊళ్లవాళ్లం మనం చెబితే ఆ మాటకు బరువుంటుంది.

ఈ సంచిక వెనక పుటల్లో ప్రకటనలిచ్చిన వ్యాపారులు చాలామంది మనవాళ్లే. మీ సంఘం ఈసారి టెన్నిస్ టోర్నమెంటు పెడితే వాళ్ల దగ్గరకు రెండు కాగితాలతో వెళ్లండి. ఒకటి కోర్టు ఖర్చులకు, పేరు వేస్తామని చెప్పి. రెండోది పేరు వేయడానికి చోటు లేని పనికి: కనిగిరి వైపు ఒక నీళ్ల ప్లాంటుకు మూడేళ్ల కరెంటు బిల్లూ ఆపరేటరు జీతమూ. మీరు పనిచేసే కంపెనీ ఉద్యోగుల విరాళానికి సమానంగా తానూ కలిపి ఇచ్చేదైతే ఆ ఫారం కూడా నింపండి. వచ్చే సంచికలో విజేతల ఫొటోల పక్కనే వసూలెంత, ఖర్చెంత, కనిగిరి చేరినదెంత అన్న మూడు అంకెలూ వేయండి.