గడీల రాజ్యం: కొన్ని విశేషాలు

నిజాం కాలంలో ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అంత భూమి కత్తి దూసి గెలుచుకున్నది కాదు, కలంతో వచ్చింది. దేశ్‌ముఖ్‌లు మొదట శిస్తు వసూలు చేసేవాళ్లు. మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలతో ఆ పని జీతగాళ్లయిన అధికారుల చేతికి పోయింది. దేశ్‌ముఖ్‌లకు బదులుగా ఏటా రుసుం ముట్టేది. అయితే ఏ చెలక ఎవరిదో, ఏ మడి ఎంత పండుతుందో వాళ్లకే ఎరుక. సర్వే జరిగినప్పుడు మంచి భూములన్నీ తమ పేర రాయించుకున్నారు. తాతల నాటి నుంచి దున్నుతున్న రైతు కౌలుదారుగా మిగిలాడు.

◆ నిజాం రాజ్యంలో దాదాపు 60 శాతం భూమి దివానీ, అంటే సర్కారు నేరుగా శిస్తు తీసుకునేది; 30 శాతం జాగీర్లు, అంటే జాగీర్దార్లకు ఇచ్చినవి. మిగతా 10 శాతం సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు. పెద్ద జాగీర్లలో పోలీసులూ కోర్టులూ జాగీర్దారువే. ఇక ఫిర్యాదు ఎవరికి చేయాలి?

◆ వెట్టికి, అంటే కూలి లేని చాకిరీకి, కులానికో వాటా. కుమ్మరి కుండలివ్వాలి, గౌండ్ల కల్లు పోయాలి, గొల్ల గొర్రెను తోలుకురావాలి, మాదిగ చెప్పులు కుట్టాలి. దొర కచ్చురం (సవారీ బండి) ఎక్కితే ముందొకడు, వెనకొకడు పరుగెత్తాలి. సర్కారు అధికారి ఊళ్లో దిగినా ఇదే సేవ.

◆ దొరబిడ్డ అత్తారింటికి పోతే వెంట ఆడబాపలను, అంటే దాసీలను, పంపేవాళ్లు. సారెతో పాటు మనుషులు! గడీల (దొరల కోటల్లాంటి ఇళ్ల) వైభవాన్ని తలచుకునేవాళ్లు ఈ ముచ్చట మాత్రం ఎత్తరు.

◆ కరువు నెలల్లో దొర దగ్గర వడ్లు తెచ్చుకుంటే అది నాగు. పంట చేతికి రాగానే ఒకటిన్నరంతలు కొలవాలి. తీర్చలేనివాడు జీతానికి కుదరాలి; అలా కుదిరినవాడే భగేలా.

◆ పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన నాలుగెకరాల మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్నుపడింది. పంట ఎత్తుకుపోవడానికి మనుషులొచ్చారు. సంఘం (ఆంధ్ర మహాసభ) వాళ్లు అడ్డం నిలిచి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద అదే దొర మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. జాగీర్ల రద్దుకు మరో మూడేళ్లు పట్టింది: 1949 ఆగస్టు 15. జాగీర్దార్లకు పరిహారం కూడా ఇచ్చారు. హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంట్ కోసం కట్టిన కోఠీ భవనం ఉన్న ప్రాంగణంలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఐలమ్మ పేరు పెట్టారు.