పంటి గార వేరు.. ఫ్లోరైడ్ మచ్చ వేరు

* నొప్పి వచ్చేదాకా ఆగితే పన్నుకే చేటు
* ఎనిమిదేళ్లలోపు తాగిన నీరే శాశ్వత దంతాలకు కీలకం

రావిర్యాల (ఇబ్రహీంపట్నం): వేకువనే వేపపుల్ల నోట పెట్టుకుని పొలం బాట పట్టే పెద్దాయన ఒకవైపు. కంపెనీ బస్సు వచ్చేలోపు చిటికెడు పళ్లపొడిని వేలికద్దుకునే కార్మికుడు మరోవైపు. బ్రష్‌ను నోట్లో నాలుగు తిప్పులు తిప్పి ఉమ్మేసే బడిపిల్లవాడు ఇంకోవైపు. రావిర్యాల, ఆదిబట్ల, ఇబ్రహీంపట్నం పరిసర గ్రామాల్లో ఉదయం కనిపించే దృశ్యమిది. నోరు శుభ్రం చేసుకునే తీరు ఎవరిది వారిదే అయినా, నొప్పి పుట్టేవరకు పళ్ల సంగతి పట్టించుకోకపోవడంలో మాత్రం అందరిదీ ఒకటే దారి. దంత వైద్యుడి వద్దకు వెళ్లడమంటే పన్ను పీకించుకోవడమేనన్న అభిప్రాయం ఇంకా పోలేదు. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 350 కోట్ల మంది ఏదో ఒక నోటి వ్యాధితో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెల్లడించింది. అందులో అత్యధిక భాగం ముందుజాగ్రత్తతో నివారించదగినవే.

నీళ్లలోనే ఉంది అసలు సంగతి

మిగతా ప్రాంతాలతో పోలిస్తే ఇక్కడి వారికి అదనంగా వచ్చిపడిన బాధ ఫ్లోరైడ్. నాగార్జునసాగర్ రహదారి వెంట ఇబ్రహీంపట్నం, యాచారం దాటి మాల్ చేరుకుంటే అటువైపు నల్గొండ జిల్లాలోని చింతపల్లి, మర్రిగూడ మండలాలు మొదలవుతాయి. ఫ్లోరోసిస్ పేరు చెప్పగానే దేశమంతటికీ గుర్తుకొచ్చే ప్రాంతమది. భూగర్భంలోని రాతి పొరలకు జిల్లా సరిహద్దులు ఉండవు కదా. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల బోరు నీటిలోనూ ఫ్లోరైడ్ సమస్య ఏళ్ల తరబడి వెంటాడింది.

తెలంగాణ పీఠభూమిలో అధిక భాగం గ్రానైట్ రాయి. అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ సహజంగానే ఉంటుంది. నీరు రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువగా అది కరిగి నీటిలో చేరుతుంది. చెరువు నిండి, ఊట బావుల్లో నీరు చేతికందే రోజుల్లో కొత్త నీరు ఎప్పటికప్పుడు చేరేది. చెరువులు ఎండి, బోర్లు వందల అడుగుల లోతుకు దిగిన కొద్దీ పాత నీరు పైకి వచ్చింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, మరో ఆధారం లేని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ వ్యాధి గురించి శాస్త్రీయంగా 1937లోనే నమోదైంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించి దానికి 'నల్గొండ పద్ధతి' అని పేరు పెట్టింది. ఒక జిల్లాకు దక్కిన కీర్తి ఇలాంటిది! హైదరాబాద్ నగరానికి కృష్ణా తొలిదశ నీరు 2004లో యాచారం మండలం గున్‌గల్ మీదుగానే తరలివెళ్లింది. మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న గజ్వేల్ వద్ద ప్రారంభించిన తర్వాత నదీజలాలు ఊరూరికీ చేరి పరిస్థితి చాలావరకు మారింది. అయితే అప్పటికే ఏర్పడిన మచ్చలు నీరు మారినంత మాత్రాన పోవు.

కారణం ఏమిటంటే, శాశ్వత దంతాలు చిగురు దాటి బయటికి రాకముందే దవడ ఎముకలో తయారవుతాయి. పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల వయసు వరకు ఈ పని సాగుతుంది. ఆ కాలంలో ఒంట్లోకి చేరిన అధిక ఫ్లోరైడ్ పంటి పైపొర అయిన ఎనామిల్ సక్రమంగా గట్టిపడకుండా అడ్డుకుంటుంది. పన్ను వచ్చేసరికే సున్నం పూసినట్లు తెల్లటి గీతలు ఉంటాయి. తీవ్రంగా ఉంటే అవి పసుపు, గోధుమ రంగుకు మారి, పైపొర గుంటలు పడి పెచ్చులుగా రాలుతుంది. అంటే ఇరవై ఏళ్ల యువతి నోటిపై చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వడానికి కారణం ఆమె పళ్లు తోముకోకపోవడం కాదు. ఆమె పసితనంలో ఇంటికొచ్చిన బోరు నీరు. ఈ తేడా తెలియక పెళ్లిచూపుల్లో 'శుభ్రత లేని పిల్ల' అని ముద్ర వేయడం అన్యాయం.

రుద్దితే పోయేది ఏది?

పంటి మీద పేరుకునే మెత్తటి పాచిని బ్రష్‌తో తొలగించవచ్చు. తొలగించకుండా వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి రాయిలా గట్టిపడుతుంది. అదే గార. దిగువ ముందుపళ్ల లోపలి వైపు నాలుకతో తడిమితే గరుకుగా తగిలేది అదే. ఇది బ్రష్‌కు లొంగదు, వైద్యుడు స్కేలింగ్ చేయాల్సిందే. పొగాకు, పాన్, టీ మరకలూ స్కేలింగ్, పాలిషింగ్‌తో చాలావరకు పోతాయి. ఫ్లోరైడ్ మచ్చ మాత్రం పంటి నిర్మాణంలోనే ఉంటుంది. బొగ్గు, ఇటుక పొడి, ఇసుకతో ఎంత రుద్దినా ఉన్న ఎనామిల్ అరిగి పళ్లు జివ్వుమనడమే మిగులుతుంది. సంతల్లో యాసిడ్ వంటి ద్రావణం పూసి క్షణాల్లో తెల్లబరుస్తామనే వారి చేతికి నోరు అప్పగించడం అంతకన్నా ప్రమాదకరం.

స్వల్ప మచ్చలకు పైపొరను అతి పలుచగా తొలగించే మైక్రో అబ్రేషన్ లేదా బ్లీచింగ్ సరిపోతుంది. గుంటలు పడితే పంటి రంగులో ఉండే కాంపోజిట్ పదార్థంతో పూత వేస్తారు. మరీ దెబ్బతిన్న పళ్లకు వెనీర్లు, తొడుగులు అమరుస్తారు. ఏది అవసరమో పన్నును చూశాకే నిర్ణయించాలి.

విచిత్రమేమంటే, ఇదే ఫ్లోరైడ్ తగు పాళ్లలో పంటికి రక్ష. అందుకే టూత్‌పేస్టుల్లో కలుపుతారు. పేస్టు ఉమ్మేసేది, నీరు మింగేది. ఇక్కడే కిటుకంతా ఉంది. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్లలోపు వారికి బఠాణీ గింజంత పేస్టు చాలు. ప్రకటనల్లో చూపినట్లు బ్రష్ నిండా వేయనక్కర్లేదు. తీయగా ఉందని మింగే పిల్లలను మాత్రం కనిపెట్టి ఉండాలి. ఇంకా బోరు నీరే తాగే కుటుంబాలు ఉంటే ఆ నీటిని ఒకసారి పరీక్ష చేయించుకోవడం అన్నిటికన్నా ముఖ్యం.

పంటిలో పురుగు ఉండదు

పుచ్చు పన్నును 'పురుగు పట్టిన పన్ను' అనడం వాడుక. వాకుడు గింజల పొగ పట్టించి పురుగులు రాల్చే వైద్యం పల్లెల్లో పెద్దలకు గుర్తే. నిజానికి పంటిలో పురుగేమీ ఉండదు. నోటిలోని బ్యాక్టీరియా మనం తినే చక్కెర, పిండి పదార్థాలను ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లత సూచిక 5.5 కంటే దిగువకు పడితే ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం కొద్దిసేపటికి ఆ ఆమ్లాన్ని పలుచన చేసి మరమ్మతు చేస్తుంది. దానికి తీరిక ఇవ్వకపోవడమే మనం చేసే తప్పు. పండుగకు నాలుగు అరిసెలు ఒకేసారి తిన్నదానికన్నా, రోజంతా గంటకోసారి చాయ్, బిస్కెట్, చాక్లెట్ నోట్లో ఆడించడమే పంటికి చేటు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసివాళ్ల పైవరుస ముందుపళ్లు త్వరగా పుచ్చిపోయేది అందుకే.

పుచ్చు ఎనామిల్‌లో ఉన్నంతవరకు నొప్పి ఉండదు. లోపలి పొరకు చేరాక చల్లనివి, తీపి వస్తువులు తగిలితే జివ్వుమంటుంది. ఈ దశలో వస్తే చిన్న ఫిల్లింగ్‌తో పని ముగుస్తుంది. నిర్లక్ష్యం చేస్తే నరాలు, రక్తనాళాలు ఉండే గుజ్జు వరకు పాకి, రాత్రి పడుకోగానే పోటు మొదలవుతుంది. అప్పుడు రూట్ కెనాల్ తప్పదు. చెడిన గుజ్జును తీసి, కాలువలను శుభ్రం చేసి, మూసి, పైన తొడుగు వేస్తారు. తొడుగు ఖర్చుకు వెనుకాడి మానేసేవారు ఎక్కువ. గుల్లబారిన పన్ను ఆ తర్వాత జొన్న రొట్టె ముక్క కొరికినా విరగవచ్చు. చివరి దశ పన్ను తీయడమే. ఖాళీని అలాగే వదిలేస్తే పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదుటి పన్ను దిగుతుంది.

ఒక దశలో నొప్పి దానంతటదే తగ్గిపోతుంది. తగ్గిందని సంబరపడరాదు. లోపలి గుజ్జు చనిపోయిందన్నమాట. చీము వేరు కొసకు చేరి దవడ వాస్తుంది. దవడ కింద వాపు గట్టిపడి, జ్వరం వచ్చి, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే గంటల వ్యవధిలో ప్రాణం మీదికి రావచ్చు. అలాంటప్పుడు మందుల దుకాణంలో మాత్రలు కొనుక్కుని ఇంట్లో కూర్చోకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి. పంటినొప్పికి లవంగ నూనె తాత్కాలిక ఉపశమనం ఇస్తుంది, అందులోని యూజినాల్‌కు తిమ్మిరి కలిగించే గుణం ఉంది. ఆస్ప్రిన్ మాత్రను నూరి చిగురుపై పెట్టడం మాత్రం చర్మాన్ని కాల్చేస్తుంది.

పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్న భయం చాలామందిని ఆసుపత్రి గడప తొక్కనివ్వడం లేదు. చూపును మెదడుకు చేర్చే నరం వేరు, పళ్లకు స్పర్శనిచ్చే నరం వేరు. పళ్లకు, కంటి చుట్టుపక్కల చర్మానికి ఒకే నరం శాఖలు వెళ్లడం వల్ల పంటి పోటు కణతకు పాకినట్లు అనిపిస్తుంది. అంతే. గార తీయిస్తే పళ్లు కదులుతాయన్నదీ అపోహే. గార మాటున చిగురు, ఎముక అప్పటికే కరిగి పన్ను వదులై ఉంటుంది. అడ్డు తొలగాక ఆ సంగతి బయటపడుతుంది.

చిగుళ్లు, చక్కెర, గుట్కా

తోముకునేటప్పుడు రక్తం వస్తోందని బ్రష్ మానేసేవారున్నారు. చేయాల్సింది అందుకు విరుద్ధం. మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా రెండు నిమిషాలు, ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు తోముకోవాలి. వేపపుల్ల చెడ్డదేమీ కాదు, కొసను బాగా నమిలి కుంచెలా చేసుకుంటే పాచిని తీస్తుంది. కానీ దవడ పళ్ల లోపలి వైపు చేరలేదు. మధుమేహం ఉన్నవారికి చిగుళ్ల వ్యాధి త్వరగా ముదురుతుంది, చిగుళ్ల వ్యాధి ముదిరితే చక్కెర అదుపు తప్పుతుంది. కాబట్టి ఒకదానికి మందు వాడుతూ రెండోదాన్ని వదిలేయడం కుదరదు.

గుట్కాపై ప్రభుత్వం పలుమార్లు నిషేధ ఉత్తర్వులు ఇచ్చినా నమిలే అలవాటు పోలేదు. వక్క, పొగాకు బుగ్గలో నిలిపేవారికి లోపలి చర్మం నారలా బిగుసుకుని నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. నిలువుగా మూడు వేళ్లు నోట్లో పట్టకపోతే అది హెచ్చరికే. రెండు వారాలైనా మానని పుండు, బుగ్గలో తెల్లటి లేదా ఎర్రటి మచ్చ కనిపిస్తే నొప్పి లేకపోయినా వైద్యుడికి చూపించాలి. నోటి క్యాన్సర్ తొలినాళ్లలో నొప్పి పుట్టించదు. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

పిల్లలు ఆటల్లో పడి శాశ్వత పన్ను ఊడితే వేరును తాకకుండా పైభాగం పట్టుకుని తీయాలి. మట్టి అంటితే నీటితో ఒక్కసారి తొలిపి, గ్లాసు పాలలో వేసి అరగంటలోపు వైద్యుడి వద్దకు చేర్చితే మళ్లీ అమర్చే వీలుంటుంది. 2023 అక్టోబరులో విజయ మెగా డెయిరీ ప్రారంభమైన ఊరిలో పాలకు కొదవేముంది! పాలపన్ను ఊడితే తిరిగి పెట్టరు. అలాగని పాలపళ్లు పుచ్చినా ఫర్వాలేదని వదిలేయకూడదు. ఆరేళ్లకు వాటి వెనుక మొలిచే మొదటి దవడ పన్ను శాశ్వత దంతమే, చాలామంది తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నుగానే భావించి పోగొడుతున్నారు.

ఖర్చుకు జంకేవారికి ఉస్మానియా ఆసుపత్రి సమీపంలో 1959లో నెలకొల్పిన ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు మందుల చీటీ వెంట తీసుకెళ్లాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ఆ మాట ముందే చెప్పాలి, సొంతంగా మానేయరాదు. గర్భిణులు నెల ఎన్నోదో తెలియజేస్తే చాలు, నాలుగు నుంచి ఆరో నెల వరకు అవసరమైన చికిత్సలు చేయించుకోవడానికి అనువైన సమయం.