దారం చూపిన దారి

పిల్లలూ! అమెరికాలోని న్యూయార్కు అట్లాంటిక్ మహాసముద్రానికి పడమటి ఒడ్డున ఉంది. ఫ్రాన్సు రాజధాని పారిస్ ఆ సముద్రానికి తూర్పున ఉంది. గోడకు వేలాడే పటంలో ఈ రెంటినీ కలుపుతూ కొలబద్ద పెట్టి గీత గీయండి. ఆ గీత నడిసముద్రం మీదుగా పోతుంది. విమానానికి అదే దగ్గిర దారి అనుకుంటాం. కాని కాదు!

మీ బడిలో ఉన్న భూగోళం తీసుకోండి. ఒక దారం కొన న్యూయార్కు మీద, రెండో కొన పారిస్ మీద ఉంచి బిగుతుగా లాగండి. దారం ఉత్తరానికి ఎక్కి, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ ద్వీపానికీ, తరవాత ఐర్లండ్ దక్షిణపు కొనకూ దగ్గిరగా పోతుంది. ఇదే అసలైన దగ్గిర దారి. దీని పొడవు సుమారు 5,800 కిలోమీటర్లు. పటంలోని గీత వెంట పోతే ఇంకో 200 కిలోమీటర్లకు పైగా అవుతుంది. గుండ్రని భూమిని బల్లపరుపు కాగితం మీద చూపించేటప్పుడు ఉత్తరపు భాగాలు సాగిపోతాయి. అందుచేత పటంలోని దూరాలు మనని మోసం చేస్తాయి.

1927లో చార్లెస్ లిండ్‌బర్గ్ అనే 25 ఏళ్ళ అమెరికా వైమానికుడు సరిగా ఇట్లాగే, ఒక గ్రంథాలయంలోని భూగోళం మీద దారం పెట్టి కొలిచాడు. అతనికి 200 కిలోమీటర్లంటే చిన్న సంగతి కాదు. అతని విమానానికి అది గంటకు పైగా ప్రయాణం. విమానానికి ఉన్నది ఒకటే ఇంజను. నడిసముద్రంలో పెట్రోలు అయిపోతే దిగటానికి నేల లేదు. ఆ ఏడు మే 8న పారిస్ నుంచి న్యూయార్కుకు బయలుదేరిన ఇద్దరు ఫ్రెంచి వైమానికులు మళ్ళీ కనిపించనే లేదు. అయినా మే 20న లిండ్‌బర్గ్ ఒంటరిగా బయలుదేరాడు. సుమారు 160 కిలోమీటర్లకొకసారి దిక్సూచి చూసి విమానం ముఖం కొద్దిగా తిప్పుతూ, నిద్రతో పోరాడుతూ, ముప్ఫయిమూడున్నర గంటలకు పారిస్‌లో దిగాడు.

ఈనాటి జెట్ విమానాలకు న్యూయార్కు నుంచి పారిస్ పోవటానికి సుమారు 7 గంటలు చాలు. తిరిగి రావటానికి మాత్రం 8 గంటలు దాటుతుంది. దూరం అదే గదా, ఎందుకని? సుమారు పది కిలోమీటర్ల ఎత్తున బలమైన గాలి పడమటి నుంచి తూర్పుకు ఏరులాగా పారుతూ ఉంటుంది. దాన్ని జెట్ ప్రవాహం అంటారు. ఏటివాలుకు పోయే పడవకూ, ఏటికి ఎదురెక్కే పడవకూ ఉన్న తేడాయే ఇది. అందుచేత ఇప్పుడు ఏ రోజు గాలిని ఆ రోజు లెక్కగట్టి దారులు నిర్ణయిస్తారు. ఒక్కొక్కప్పుడు దారం చూపిన దారి విడిచి, కాస్త చుట్టు తిరిగి పోయిన విమానమే ముందు చేరుతుంది!

ఇక మీకొక లెక్క. మామూలుగా పారిస్ గడియారం న్యూయార్కు గడియారం కన్న 6 గంటలు ముందుంటుంది. 1977 నుంచి 2003 వరకూ, ధ్వని కన్న వేగంగా పోయే కాంకార్డ్ విమానం పారిస్ నుంచి న్యూయార్కుకు సుమారు మూడున్నర గంటల్లో చేరేది. అది పారిస్‌లో పగలు 11 గంటలకు బయలుదేరితే, దిగేసరికి న్యూయార్కు గడియారం ఎంత చూపిస్తుంది?

జవాబు బయలుదేరిన వేళ కన్న ముందుకు వచ్చిందని కొట్టెయ్యకండి. మీ లెక్క సరిగానే ఉంది!