తెల్లని గోడల హాలుకు రంగులద్దడం ఎలా? ముందు కాంతి, తర్వాత వస్త్రం, ఆపై బొమ్మ

అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా యజమాని అనుమతి కావాలి. సొంత ఫ్లాటు కొనుక్కున్నవారికి సైతం బిల్డరు వేయించి ఇచ్చిన తెలుపో, లేత గోధుమ రంగో ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. నగరాల్లో ఒక ఇంటి హాలుకూ మరో ఇంటి హాలుకూ తేడా కనిపించకపోవడానికి ఇదొక కారణం. అయితే హాలుకు జీవకళ తీసుకురావడానికి గోడలకు మళ్లీ రంగు వేయించనవసరం లేదు.

గృహాలంకరణలో 60-30-10 అనే ఒక లెక్క ప్రచారంలో ఉంది. గదిలో 60 శాతం ప్రధాన రంగు, 30 శాతం దానికి తోడయ్యే రంగు, 10 శాతం కొట్టొచ్చినట్టు కనిపించే రంగు ఉండాలన్నది దాని సారాంశం. తెల్లని గోడలు ఆ 60 శాతాన్ని ముందే సమకూర్చాయి. మిగిలిన 40 శాతాన్ని తెరలు, దిండు గలీబులు, బొమ్మలు, దీపాలతో పూరించవచ్చు.

కాంతి మారితే రంగు మారుతుంది

ఏ వస్తువు రంగైనా దానిపై పడే కాంతిని బట్టే కనిపిస్తుంది. ఎల్‌ఈడీ బల్బుల పెట్టెలపై కాంతి ఛాయను కెల్విన్లలో ముద్రిస్తారు. 6500 కెల్విన్ల కాంతి నీలి ఛాయ గల తెలుపు. వంటగదికి, చదువుకునే బల్లకు అది అనుకూలం. 2700 నుంచి 3000 కెల్విన్ల కాంతి దీపపు వెలుగులా పసుపు ఛాయలో ఉంటుంది. సాయంత్రం కుటుంబమంతా కూర్చునే చోటుకు ఇదే తగినది.

మరో అంకె సీఆర్‌ఐ. వస్తువుల రంగులను బల్బు ఎంత సహజంగా చూపుతుందో ఇది తెలుపుతుంది. దీని గరిష్ఠ విలువ 100. ఇది 90 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న బల్బుల కింద ఎరుపు రంగులు నిండుగా కనిపిస్తాయి. పైకప్పు మధ్యలోని ఒక్క ట్యూబులైటుపైనే ఆధారపడకుండా, కూర్చున్నవారి కంటి ఎత్తులో ఒక మూల చిన్న దీపం అమర్చితే గది స్వరూపమే మారుతుంది.

వస్త్రం ఎంపికలో జాగ్రత్త

పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలును కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు. అందువల్ల డిజైను అంచులు కాస్త చెదిరినట్లుంటాయి, వస్త్రానికి రెండు వైపులా రంగు దాదాపు ఒకేలా కనిపిస్తుంది. ఇక్కత్ డిజైనును యంత్రంపై అచ్చువేసిన గుడ్డను వెనక్కి తిప్పితే రంగు సాధారణంగా వెలవెలబోతుంది. కొనే ముందు ఈ ఒక్క పరీక్ష చేసుకున్నా చాలావరకు మోసపోకుండా ఉండవచ్చు.

శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, గేదె పాలతో సిద్ధం చేసిన నూలు వస్త్రంపై కలంతో చిత్రిస్తారు. ఇనుప తుక్కు, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవంతో నల్లని గీతలు గీస్తారు. మచిలీపట్నం సమీపంలోని పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. చేతి గీతలో హెచ్చుతగ్గులు, అచ్చులు కలిసే చోట స్వల్ప తేడాలు సహజం. వాటిని లోపాలుగా భావించరాదు. రోజుల తరబడి సాగే ఈ పనిని యంత్రపు అచ్చు ధరతో పోల్చి బేరమాడితే నష్టపోయేది కళాకారుడే. చేనేత వస్త్రమైతే ‘హ్యాండ్లూమ్ మార్క్’ ముద్ర ఉందేమో చూడాలి. ఆప్కో, లేపాక్షి, గోల్కొండ వంటి ప్రభుత్వ విక్రయశాలల్లోనూ ఇటువంటి వస్త్రాలు, హస్తకళా వస్తువులు లభిస్తాయి.

సహజ రంగులు నేరుగా పడే ఎండకు వెలిసిపోతాయి. పడమటి కిటికీ ఎదుటి గోడపై కలంకారీ పటాన్ని వేలాడదీయకపోవడమే మేలు. ఉతికేటప్పుడు విడిగా చల్లని నీటిలో ఉతికి, నీడలో ఆరబెట్టాలి.

బొమ్మలకు చోటు

ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ దానిపై రంగు కలిపిన లక్కను పట్టిస్తారు. రాపిడికి పుట్టే వేడికి లక్క మెత్తబడి కర్రకు అంటుకుంటుంది. అదే కారణంతో ఈ బొమ్మలను ఎండకు, పొయ్యి వేడికి దూరంగా ఉంచాలి. తేలికైన తెల్ల పొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలను తడిగుడ్డతో కాక పొడిగుడ్డతోనే తుడవాలి. ఎర్రని నేపథ్యం గల చేర్యాల చిత్రం ఒక్కటి ఉన్నా తెల్లని గోడకు నిండుదనం వస్తుంది. వీటన్నింటినీ హాలంతా చెదరగొట్టకుండా, రెండు మూడింటిని ఒకే అరలో చేర్చితే చూపు అక్కడ నిలుస్తుంది.

అయితే కొన్న వస్తువులతోనే ఇంటికి ఆత్మీయత రాదు. అటక మీది ఇత్తడి బిందె, అమ్మమ్మ వాడిన పాన్‌దాన్, పెద్దల పెళ్లినాటి ఫొటో హాలులోకి వస్తే ఆ ఇల్లు ఎవరిదో చెబుతాయి. పాత పట్టుచీర చిరిగిపోయినా, దాని అంచు ఒక చట్రంలో అందంగా ఒదుగుతుంది.

ఇవన్నీ ఒకేసారి సమకూర్చుకోనవసరం లేదు. ముందుగా బల్బు మార్చి, వారం రోజులు ఆ వెలుగులో గదిని గమనించాలి. ఏ మూల వెలితిగా ఉందో తెలిశాకే వస్త్రం, బొమ్మ కొనడం మంచిది. అప్పుడు ఖర్చు తగ్గుతుంది, కొన్న వస్తువూ పదికాలాలు నిలుస్తుంది.