థ్రిల్లర్ (సంగీత వీడియో)

థ్రిల్లర్ అమెరికా గాయకుడు మైకల్ జాక్సన్ నటించిన సంగీత లఘుచిత్రం. ఇది 1983 డిసెంబరు 2న ఎం.టి.వి.లో తొలిసారి ప్రసారమైంది. దీని నిడివి దాదాపు 14 నిమిషాలు. దర్శకుడు జాన్ లాండిస్. అంతవరకు సంగీత వీడియో అంటే పాట అమ్మకాలకు ఉపకరించే చిన్న ప్రకటన మాత్రమే. దానికి కథ, పాత్రలు, సంభాషణలు కల సినిమా స్థాయిని కల్పించిన రచనగా థ్రిల్లర్ ప్రసిద్ధి చెందింది. నల్లజాతి కళాకారులకు సంగీత టెలివిజన్‌లో స్థానం స్థిరపడటంలోనూ దీనికి ముఖ్య పాత్ర ఉంది.

నేపథ్యం

ఎం.టి.వి. 1981 ఆగష్టు 1న ప్రారంభమైంది. తొలి రెండు సంవత్సరాలలో ఈ ఛానల్ ప్రధానంగా తెల్లజాతి రాక్ బృందాల వీడియోలనే ప్రసారం చేసేది. తమది రాక్ సంగీత ఛానల్ అని, నల్లజాతి సంగీతం ఆ పరిధిలోకి రాదని నిర్వాహకులు చెప్పేవారు. తన వీడియోలను తిరస్కరించినందుకు గాయకుడు రిక్ జేమ్స్ ఈ విధానాన్ని బహిరంగంగా విమర్శించాడు. 1983లో బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బౌవీ ఎం.టి.వి. ఇంటర్వ్యూలోనే, నల్లజాతి కళాకారులు ఇంత తక్కువగా ఎందుకు కనిపిస్తున్నారని వ్యాఖ్యాతను ప్రశ్నించాడు.

అదే సంవత్సరం మార్చిలో జాక్సన్ "బిల్లీ జీన్" వీడియో ఎం.టి.వి.లో ప్రసారమైంది. దానిని వేయకపోతే తమ కళాకారుల వీడియోలన్నింటినీ ఉపసంహరిస్తామని సి.బి.ఎస్. రికార్డ్స్ అధిపతి వాల్టర్ యెట్నికాఫ్ బెదిరించినట్లు చెబుతారు. ఎం.టి.వి. నిర్వాహకులు దీనిని అంగీకరించలేదు. ఏది ఏమైనా "బిల్లీ జీన్", ఆ తరువాత "బీట్ ఇట్" వీడియోలు విశేష ఆదరణ పొందాయి.

నిర్మాణం

థ్రిల్లర్ ఆల్బమ్ 1982 నవంబరులో విడుదలైంది. నిర్మాత క్విన్సీ జోన్స్. "థ్రిల్లర్" పాటను ఇంగ్లాండుకు చెందిన రాడ్ టెంపర్టన్ రచించాడు. 1983 మధ్యకాలానికి ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో ప్రథమ స్థానాన్ని కోల్పోయింది. దానిని తిరిగి పైకి తేవాలని జాక్సన్ ఆశించాడు. లాండిస్ తీసిన భయానక చిత్రం "యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్" (1981) ఆయనకు నచ్చడంతో ఆ దర్శకుడినే సంప్రదించాడు. ఆ చిత్రానికి ఆస్కార్ పొందిన రిక్ బేకర్ దీనికి కూడా మేకప్ సమకూర్చాడు. నృత్యాలను మైకల్ పీటర్స్, జాక్సన్ కలిసి రూపొందించారు. ఓలా రే కథానాయికగా నటించింది.

వ్యయం సుమారు 5 లక్షల డాలర్లు. అప్పట్లో ఒక సంగీత వీడియోకు ఇది చాలా పెద్ద మొత్తం. వీడియోలకు డబ్బు చెల్లించకపోవడం ఎం.టి.వి. విధానం. అందువలన చిత్రీకరణ విశేషాలతో ఒక డాక్యుమెంటరీని కూడా తీసి, దాని ప్రసార హక్కులను ఎం.టి.వి., షోటైం ఛానళ్ళకు విక్రయించారు. ఆ విధంగా ఛానల్ విధానం చెడకుండానే నిధులు సమకూరాయి. తరువాత ఈ డాక్యుమెంటరీ వీడియో క్యాసెట్‌గా విడుదలై పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది.

కథ

యాభైల దశాబ్దంలో ఒక యువజంట ప్రయాణిస్తున్న కారు అడవి దారిలో ఆగిపోతుంది. యువకుడు పిల్లి జాతి మృగాన్ని పోలిన మానవమృగంగా మారిపోతాడు. ఇదంతా థియేటరులో మరొక జంట చూస్తున్న సినిమా అని తరువాత తెలుస్తుంది. వారు ఇంటికి నడిచివెళ్తుండగా సమాధులలోని శవాలు లేచివచ్చి చుట్టుముడతాయి. యువకుడు కూడా వారిలో ఒకడై నృత్యం చేస్తాడు. యువతి పాడుబడ్డ ఇంట్లో తలదాచుకుంటుంది. శవాలు అక్కడికీ వస్తాయి. ఆమె కేక వేసి మేలుకొని, అది కల అని గ్రహిస్తుంది. చివరి దృశ్యంలో అతడు వెనుదిరిగి చూసినప్పుడు కళ్ళు మాత్రం పసుపుపచ్చగా మెరుస్తాయి.

వివాదం

ఆ కాలంలో జాక్సన్ యెహోవా సాక్షుల మతశాఖకు చెందినవాడు. భూతప్రేతాల కథాంశానికి ఆ శాఖ పెద్దలు అభ్యంతరం తెలపడంతో, ఆయన చిత్రం నెగెటివ్‌లను నాశనం చేయమని కోరాడు. న్యాయవాది జాన్ బ్రాంకా వాటిని భద్రపరచి ఒక మధ్యేమార్గాన్ని సూచించాడు. తాను క్షుద్రవిద్యలపై విశ్వాసాన్ని సమర్థించడం లేదని జాక్సన్ చేసిన ప్రకటన చిత్రం ఆరంభంలో చేరింది ఈ కారణం చేతనే. జాక్సన్ 1987లో ఆ మతశాఖను వీడాడు.

ప్రభావం

వీడియో విడుదలైన నెలలోనే ఆల్బమ్ తిరిగి ప్రథమ స్థానానికి చేరింది. మొత్తం 37 వారాలు ఆ స్థానంలో నిలిచింది. 1984లో జరిగిన మొదటి ఎం.టి.వి. వీడియో మ్యూజిక్ అవార్డులలో ఈ వీడియోకు మూడు బహుమతులు లభించాయి. 2009లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చోటు పొందిన మొదటి సంగీత వీడియోగా నిలిచింది. జాక్సన్ అదే సంవత్సరం జూన్ 25న మరణించాడు.

తెలుగు సినిమాలో

ఎ.కోదండరామిరెడ్డి దర్శకత్వంలో చిరంజీవి, రాధ నటించిన "దొంగ" (1985) చిత్రంలోని "గోలీమార్" పాట చిత్రీకరణ థ్రిల్లర్‌ను అనుసరించింది. ఎర్రని దుస్తులు, సమాధులనుండి లేచే శవాలు, బృందనృత్యం ఇందులో కనిపిస్తాయి. పాటకు చక్రవర్తి సంగీతం అందించాడు. రెండు దశాబ్దాల తరువాత ఈ పాట "ఇండియన్ థ్రిల్లర్" పేరుతో ఇంటర్నెట్‌లో విదేశీయులను కూడా ఆకర్షించింది.

విశేషాలు

* పాటలోని భయంకర వ్యాఖ్యానం భయానక చిత్రాల నటుడు విన్సెంట్ ప్రైస్ గొంతు. వీడియోలో ఆయన కనిపించడు.
* టెంపర్టన్ ఈ పాటకు మొదట పెట్టుకున్న పేరు "స్టార్‌లైట్".
* జాక్సన్ ధరించిన ఎర్ర జాకెట్‌ను దర్శకుని భార్య డెబోరా నాడూల్‌మన్ లాండిస్ రూపొందించింది. "రెయిడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్" (1981) చిత్రానికి దుస్తులు రూపొందించినది కూడా ఆమే. ఒక జాకెట్ 2011లో వేలంలో 18 లక్షల డాలర్లు పలికింది.
* 2007లో ఫిలిప్పీన్స్‌లోని సెబు జైలులో దాదాపు 1,500 మంది ఖైదీలు ఈ నృత్యాన్ని ప్రదర్శించారు.
* 2009 ఆగష్టు 29న మెక్సికో నగరంలో 13,597 మంది ఒకేసారి ఈ నృత్యం చేసి గిన్నిస్ రికార్డు నెలకొల్పారు.