తోలు డైరీకి అంత రేటెందుకు?

కరక్కాయ అనగానే చాలామందికి దగ్గే గుర్తొస్తుంది. చిన్న ముక్క బుగ్గన పెట్టుకుని రసం మింగమని అమ్మమ్మలు చెప్పే వైద్యం. అదే కరక్కాయ నీళ్లలో పెడన కలంకారీ వాళ్లు గుడ్డని ముంచుతారు. బెల్లం, ఇనుము కలిపి పులియబెట్టిన ద్రవం ఆ గుడ్డకి తగిలితేనే చెరగని నలుపు వస్తుంది. కరక్కాయకి అన్నభేది కలిపితే వెనకటి వాళ్లు రాసుకున్న నల్లసిరా తయారయ్యేది. పచ్చితోలు కుళ్లిపోకుండా ఏళ్ల తరబడి నిలబడేలా చేసేవాటిలో కూడా తంగేడు చెక్కతో పాటు కరక్కాయ ఉంది. అంటే పాతకాలం పుస్తకంలో పై అట్టకీ లోపలి రాతకీ ఒకే కాయ సాయం చేసిందన్నమాట.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. యానాంలో ఇంటి నుంచే ఉద్యోగం. శని, ఆదివారాల్లో చేత్తో తోలు డైరీలు కుడతాను. అడిగిన కొలతకి, అడిగిన కాగితంతో, అట్టమీద అడిగిన పేరు ముద్ర వేసి ఇస్తాను. చూసినవాళ్లు మూడే ప్రశ్నలు వేస్తారు. ఎలా చేస్తారు? ఎన్నాళ్లు ఉంటుంది? అంత రేటెందుకు? మొదటి రెండూ సులువే. మూడోదానికే కాస్త వివరంగా చెప్పాలి.

రాసినవాళ్లు గుర్తున్నారు

జర్నల్ అన్న మాట ఫ్రెంచిలోంచి వచ్చింది. 'జూర్' అంటే వాళ్ల భాషలో రోజు. ఏ రోజు సంగతి ఆ రోజు రాసుకునేది జర్నల్. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న మా యానాంకి ఆ మాట కొత్తదేం కాదు. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల దగ్గర దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్లై 1736 నుంచి 1761 దాకా, పాతికేళ్లు తమిళంలో డైరీ రాశాడు. మన ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీకి వెళ్తూ మజిలీల వారీగా చూసినవన్నీ రాసిపెట్టాడు. అది 1838లో పుస్తకంగా వచ్చింది. ఇక షావుకార్ల చిట్టా ఆవర్జాల సంగతి చెప్పక్కర్లేదు. ఎర్రగుడ్డ అట్ట వేసిన ఖాతాపుస్తకం లేని కొట్టు ఉండేది కాదు.

పిళ్లై పేరు మిగిలింది, వీరాస్వామయ్య పేరు మిగిలింది. ఆ కాగితాలని కుట్టిందెవరో, ఆ తోళ్లు ఊనిందెవరో ఎవరూ రాసుకోలేదు.

లందలో మొదలు

తోలు పని లంద దగ్గర మొదలవుతుంది. లంద అంటే తోళ్లు నానబెట్టే గొయ్యి, లేదా తొట్టి. పచ్చితోలుని సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు రాలగొడతారు. లోపలివైపు అంటుకున్న మాంసం గీకేస్తారు. సున్నం పోయేలా కడిగి, తంగేడు చెక్క, కరక్కాయ నానిన నీళ్లలో వేస్తారు. వాటిలోని వగరు తోలులోకి దిగడానికి వారాలు పడుతుంది. దీన్నే తోలు ఊనడం అంటారు. ఇప్పుడు ఎక్కువ ఫ్యాక్టరీల్లో క్రోమియం లవణాలు వాడుతున్నారు. వారాల పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ఆ తోలు మెత్తగా ఉంటుంది, నీళ్లకి తట్టుకుంటుంది. కానీ దానిమీద ముద్ర సరిగ్గా నిలవదు. చెట్ల వగరుతో ఊనిన తోలుని తడిపి పేరు అచ్చు ఒత్తితే, ఆరాక ఆ అక్షరం ఇక పోదు. వాడేకొద్దీ చేతి నూనె పట్టి రంగు కూడా ముదురుతుంది. అందుకే నేను అదే వాడతాను.

పుదుచ్చేరిలో దిలీప్ కపూర్ 1978లో మొదలుపెట్టిన హైడిజైన్‌కి పేరొచ్చింది కూడా ఇలాంటి తోలు సంచులతోనే. నాకు మాత్రం తోలు చెన్నై పెరియమెట్ బజారు నుంచి వస్తుంది.

తోలుబొమ్మల తోలు వాడొచ్చుగా అని కొందరు అడుగుతారు. కాకినాడ పక్కనున్న మాధవపట్నం మాకు దగ్గరే. అటు రాయలసీమలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఉంది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అయితే బొమ్మల తోలుని ఊనరు. వెంట్రుకలు తీసి, గీకి పల్చన చేసి, లాగికట్టి ఆరబెడతారు. అందుకే దీపం వెలుగు దాని గుండా కనిపిస్తుంది. తెరమీద ఆడటానికి అది బావుంటుంది. రోజుకి పదిసార్లు తెరిచి మూసే పుస్తకానికి మాత్రం పనికిరాదు, మడత దగ్గర మొరాయిస్తుంది.

192 పేజీలు, 6 గంటలు

నేను ఎక్కువగా చేసేది ఎ5 సైజు, అంటే మామూలు జిరాక్స్ కాగితంలో సగం. లోపల 48 కాగితాలు. సగానికి మడిస్తే 96 ఆకులు, 192 పేజీలు. ఆరేసి కాగితాలు ఒకదాంట్లో ఒకటి పెడితే ఒక ఫారం. అలాంటివి ఎనిమిది.

కాగితానికీ కర్రలాగే వాటం ఉంటుంది. లోపలి నార ఏ దిక్కున ఉందో ఆ దిక్కున మడిస్తే చక్కగా మడతపడుతుంది. అడ్డంగా మడిస్తే బిరుసుగా నిలబడుతుంది, పుస్తకం ఎప్పటికీ పూర్తిగా తెరుచుకోదు. అందుకని పెద్ద షీట్లు కొని, వాటం చూసి కోయించుకుంటాను. ఫౌంటెన్ పెన్నుతో రాసేవాళ్లు ముందే చెప్తే సిరా పాకని రకం వేస్తాను. రాజమండ్రి రత్నం పెన్నులు వాడేవాళ్ల నుంచి ఇలాంటి ఆర్డర్లు వస్తుంటాయి. చేతికాగితమే కావాలంటే పుదుచ్చేరి అరవిందాశ్రమం వాళ్ల కార్ఖానా ఉంది. 1959 నుంచీ గుడ్డ పీలికలతో కాగితం చేస్తున్నారు. అందంగా ఉంటుంది, కాకపోతే పుస్తకం లావెక్కుతుంది.

తోలు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉంటే చాలు. వీపు భాగం బిగువుగా ఉంటుంది, పొట్ట భాగం సాగుతుంది. అట్టకి వీపు భాగమే కోస్తాను. కోయడానికి రంపె, బెజ్జాలకి ఆరె. ప్రతి ఫారానికీ ఐదు బెజ్జాలు, తోలు వెన్నుకి వాటికి సరిగ్గా ఎదురుగా ఐదేసి. మైనం పట్టించిన లినెన్ దారం రెండు మీటర్లు పైన తీసుకుని ఫారం తర్వాత ఫారం కుట్టుకుంటూ వెళ్లాలి. ఇందులో జిగురు చుక్క కూడా ఉండదు. ఎప్పుడైనా దారం తెగితే మళ్లీ కుట్టుకోవచ్చు. కాగితాలు అయిపోతే పాత అట్టకే కొత్త ఫారాలు వేయొచ్చు. అంచులకి చింతపిక్కల జిగురు రాసి, గుడ్డతో వేడెక్కేదాకా రుద్దితే నున్నగా మెరుస్తాయి.

పేరు వేయడం ఇంకో పని. ఇంగ్లిషు అక్షరాల పంచ్‌ల సెట్టు ఎక్కడైనా దొరుకుతుంది, 26 ఉంటే సరి. తెలుగుకి అలా కుదరదు. గుణింతాలు, ఒత్తులు కలిసేసరికి ఎన్ని పంచ్‌లు కావాలో లెక్క తేలదు. కాబట్టి ప్రతి పేరుకీ కంప్యూటర్‌లో అచ్చు గీసి, త్రీడీ ప్రింటర్ మీద తీయిస్తాను. చదివిన ఇంజనీరింగ్ ఈ పనిలో అక్కరకొచ్చేది ఇక్కడే.

'దీనికేనా చదివించింది?'

మా అమ్మ వాళ్ల నాన్నది తాళ్లరేవు పక్కన పల్లె. మాదిగపేట. కిర్రుచెప్పులు, ఎడ్ల వార్లు, డప్పులు చేసేవాడు. అమ్మ చదువుకుని టీచరైంది. నేను మొదటిసారి తోలు ముక్క ఇంటికి తెచ్చిన రోజున చాలాసేపు మాట్లాడలేదు.

"ఏరా నాన్నా, బళ్లో నా పక్కన ఎవరూ కూచునేవారు కాదు తెలుసా? లంద వాసనొస్తోందని అనేవారు. అది వదిలించుకోడానికి ఇంత చదివాను. నువ్వేమో డబ్బులిచ్చి కొని తెచ్చుకుంటున్నావు" అంది.

నా దగ్గర సమాధానం లేదు. ఆఫీసులో మాత్రం అందరూ మెచ్చుకున్నారు. సూపర్ హాబీ అన్నారు, స్టార్టప్ పెట్టమన్నారు. మా తాత చేస్తే పేట దాటనివ్వని పని. నేను లాప్‌టాప్ పక్కన పెట్టుకుని చేస్తే అదే కళ అయిపోయింది. మధ్యలో మారింది తోలు కాదు కదా.

కుట్టు నాకు వీడియోల్లో చూసి రాలేదు. యానాంలో రోడ్డు పక్కన గొడుగు కింద చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. మొదటిరోజు వెళ్తే "ఆయ్, చెప్పండి బాబూ, జోళ్లు తెగాయా?" అన్నాడు. నేర్పమని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. మూడోసారి వెళ్లినప్పుడు తాత ఊరూ పేరూ చెప్పాను. "ఓర్నీ, మనోడివేనా! ఇంతసేపూ అండీ అనిపించావేరా. కూచో" అని పక్కన గోనెసంచీ పరిచాడు. ఆ రోజు నుంచి నాకు అండీ లేదు, బాబూ లేదు. "ఆరె అలా నిటారుగా పట్టకురా, కాస్త వాల్చు. కాగితానికైనా తోలుకైనా బెజ్జం ఒక్క పోటుతో పడాలి" అన్నదే మొదటి పాఠం.

ఇప్పుడు పెద్ద ఆర్డరు వస్తే తోలు కోయడం, అంచులు దిద్దడం ఆయనవే. లోపలి అట్టమీద ఆయన పేరు వేస్తానన్నాను. "వద్దురా. ఆ పేరు చూసి కులం ఆరా తీస్తారు, కొనేవాళ్లు ఆగిపోతారు" అన్నాడు. అలా ఏం ఉండదని చెప్పబోయాను. అరవయ్యేళ్లు ఆ గొడుగు కిందనుంచి లోకాన్ని చూసిన మనిషితో ఆ మాట అనలేకపోయాను. ప్రస్తుతానికి లోపల 'యానాం' అని మాత్రమే వేస్తున్నాం. ఆయనతో ఆ సంగతి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను.

అమ్మకి ఒక డైరీ కుట్టిచ్చాను. తీసుకుంది. ఇంకా అందులో ఒక్క ముక్క రాయలేదు. బీరువాలో చీరల మధ్య పెట్టుకుంది.

రేటు లెక్క

ఎ5 డైరీ 1,400 రూపాయలకి ఇస్తున్నాను. కోతలో పోయేదాంతో కలిపి ఒక్కోదానికి చదరపు అడుగున్నర తోలు పడుతుంది, 240 రూపాయలు. కాగితం, దారం, మైనం 110. అచ్చుకీ అట్టపెట్టెకీ 50. సామాను ఖర్చు మొత్తం 400. మిగతా వెయ్యి ఆరు గంటల చేతిపనికి. పెద్దాయన చేసిన డైరీల్లో ఆ వెయ్యిలో సగం ఆయనది. రెండొందలకి దొరికే 'లెదర్ డైరీ' చాలావరకు రెక్సిన్. అది తప్పని అనను, అవసరానికి పనికొస్తుంది. ఆ రేటుకి దీన్ని ఇవ్వమంటే మాత్రం తగ్గించగలిగేది ఆ వెయ్యిలోంచే, అంటే మనిషి కూలిలోంచే.

కొనేముందు, కొన్నాక

ఎక్కడ కొన్నా కొన్ని సంగతులు చూసుకోండి. కోసిన అంచు దగ్గర పరిశీలించండి. నిజమైన తోలైతే నార నారగా కనిపిస్తుంది. గుడ్డ మీద ప్లాస్టిక్ పొరలా ఉంటే రెక్సిన్. పుస్తకాన్ని మధ్యలో తెరిచి బల్లమీద పెట్టండి. చెయ్యి తీసినా తెరుచుకునే ఉంటే కాగితం వాటం, కుట్టు రెండూ సరిగ్గా ఉన్నట్టే.

మా దగ్గర గౌతమి గాలి, సముద్రపు తేమ కలిసి వానాకాలంలో తోలుకి బూజు పట్టిస్తాయి. గోదావరి జిల్లాల్లో, కోస్తాలో ఉండేవాళ్లు డైరీని ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, లోపలే చెమ్మ పడుతుంది. నూలుగుడ్డలో చుట్టి గాలి తగిలేచోట ఉంచండి. బూజు కనిపిస్తే పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి, ఎండలో వద్దు. ఏడాదికోసారి తేనెమైనం కలిపిన నూనె పల్చగా రాస్తే చాలు. తడి ఇనుము తగలనివ్వకండి. తుప్పుపట్టిన తాళంచెవి తడి తోలుమీద కాసేపు ఉంటే నల్లమచ్చ పడుతుంది, మళ్లీ పోదు. కలంకారీ నలుపు పుట్టేది కూడా ఇదే గుణంతో.

జూలై నుంచి సెప్టెంబర్ దాకా నేను కొత్త ఆర్డర్లు తీసుకోను, తోలు సరిగ్గా ఆరదు. సంక్రాంతికి కావాలంటే నవంబర్లో చెప్పాలి. బేరమాడేవాళ్లు ఎలాగూ ఉంటారు. అలాంటి ఫోన్ వస్తే ఈ మధ్య పెద్దాయనకే ఇస్తున్నాను. జోళ్లు కుట్టినంతకాలం "మీకు తోచిందివ్వండి బాబూ" అన్న మనిషి, ఇప్పుడు దారానికి మైనం రుద్దుకుంటూ "కుదరదండీ ఆయ్, ఆరు గంటల పనండీ" అని ఫోన్ పెట్టేస్తున్నాడు.