కంటిలో బూజు తెగులు - ప్రయోగశాలలో మందుల పరీక్ష

వరికోతలయందును, నూర్పిళ్లయందును, చెఱకు కొట్టునప్పుడును కంటిలో నలుసు పడుట రైతునకు క్రొత్త గాదు. పెక్కుమారులు కన్నీటితో నది కొట్టుకొనిపోవును, పని సాగిపోవును. కాని వడ్లగింజ ముల్లుగాని, వరియాకు కొనగాని నల్లగ్రుడ్డుపై నుండు స్వచ్ఛమైన శుక్లపటలమును గీఱినచో, ఆ గీతవెంట శిలీంధ్రము, అనగా బూజు, లోనికి బ్రవేశింపవచ్చును. నాలుగైదు దినములకో, అంతకంటె నాలస్యముగనో కన్ను ఎఱ్ఱబడును, నీరు కారును, నల్లగ్రుడ్డుమీద తెల్లని మచ్చ యేర్పడును. ఇదియే కంటిపుండు. సకాలమున సరియైన మందు పడనిచో చూపు పోవును. ఒక్కొక్కప్పుడు కన్నే పోవును.

హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు 1991 మొదలు 2000 వఱకు తమయొద్దకు వచ్చిన యిట్టి బూజుపుండ్లు 1352 పరిశీలించిరి. వానిలో నెక్కువగా గనబడినది ఫ్యుసేరియమ్, దాని తరువాతిది ఆస్పర్జిల్లస్. పేర్లు క్రొత్తవైనను ఇవి మన పొలములకు చుట్టములే. కందికి ఎండుతెగులు తెచ్చునది ఫ్యుసేరియమ్ కుటుంబములోనిది. తడిసిన వేరుసెనగకాయపై బట్టెడు పసుపుడాలు ఆకుపచ్చ బూజు ఆస్పర్జిల్లస్ జాతి. కందిని జంపు బూజే కంటికి వచ్చునని కాదు. కుటుంబ మొకటి, జాతులు వేఱు.

పుండును జూచినంతమాత్రమున నది బూజువలన వచ్చినదో, బాక్టీరియావలన వచ్చినదో అనుభవశాలియైన వైద్యుడు సయితము నిశ్చయముగా జెప్పజాలడు. కావున కంటికి మొద్దుబాఱు చుక్కలు వేసి, పుండు అంచును సన్నని కత్తితో మెల్లగా గీకి, ఆ గీకుడును గాజుపలకపై రాయుదురు. దానిపై పొటాషియము హైడ్రాక్సైడు ద్రావకపు చుక్క వేసి సూక్ష్మదర్శినిలో జూచినచో, బూజు దారపుపోగులు కొన్ని నిమిషములలోనే కనబడును. మిగిలిన గీకుడును బంగాళాదుంప రసము, చక్కెర, అగరు కలిపి పేర్చిన గాజుపళ్లెములో నెలవంక గీతలుగా నాటుదురు. గీతమీద మొలచినది కంటిలోని బూజు. గీత వెలుపల మొలచినది గాలిలోనుండి పడిన కలుపు. సాలులో మొలచినది పైరు, సాలు తప్పి మొలచినది గడ్డి యని మనము పోల్చుకొనునట్లే గదా! మొలచుటకు కొన్ని దినములు పట్టును. ఫ్యుసేరియమ్ విత్తనములు నెలవంకవలె వంగియుండుటచే దానిని గుర్తింతురు.

ఇక మందుల పరీక్ష. ఎనిమిది వరుసలు, వరుసకు పండ్రెండు చొప్పున 96 చిన్న గుంటలున్న పలక యొకటి తీసికొందురు. ఒక వరుసలో మందును మిల్లీలిటరునకు 16 మైక్రోగ్రాములు, పిదప 8, ఆ పిదప 4, ఇట్లు సగము సగముగా తగ్గించుచు 0.03 వఱకు పోయుదురు. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. ప్రతి గుంటలోను లెక్కించిన బూజు విత్తనములను సమానముగా వేసి, 35 డిగ్రీల వేడిమిలో సాధారణముగా రెండు దినములుంతురు. మందేమియు వేయని గుంట యొకటి తప్పక యుండును. దానిలో బూజు పెరుగనిచో విత్తనమే చచ్చినదన్నమాట, పరీక్ష చెల్లదు. ఎరువు వేయని మడి లేక ఎరువు గుణమును దేల్చుట యెట్లు? బూజు పెరుగకుండ నాపిన మందుపాళ్లలో మిక్కిలి తక్కువదానిని కనిష్ఠ నిరోధక మోతాదందురు. ఈ పరీక్ష ప్రతి రోగికిని జేయరు, ప్రతి యూరను జరుగదు. గీకుడు పరీక్షయైనను చేయించుకొనవలయును.

అయితే గాజుగుంట కన్ను గాదు. నేటమైసిన్ పాత మందు, వోరికోనజోల్ క్రొత్త మందు. ఆస్పర్జిల్లస్ ను గుంటలో నాపుటకు వోరికోనజోల్ మిక్కిలి స్వల్పముగా జాలును. నేటమైసిన్ ఎక్కువ కావలయును. దీనిని బట్టి క్రొత్తదే మేలని తోచును. తమిళనాటి అరవింద నేత్ర వైద్యశాలలలో 2010, 2011 సంవత్సరములయందు 323 మంది రోగులకు, చీట్లు తీసినట్లు రెండు తెగలుగా బంచి, ఒక తెగకు నేటమైసిన్, రెండవదానికి వోరికోనజోల్ చుక్కలు వేసిరి. కన్ను చిల్లిపడుటయో, శుక్లపటలమును మార్పవలసి వచ్చుటయో నేటమైసిన్ తెగలో 18 మందికి, వోరికోనజోల్ తెగలో 34 మందికి జరిగినది. ఫలితములు 2013లో వెలువడినవి. ముఖ్యముగా ఫ్యుసేరియమ్ పుండ్లయందు పాత మందే గెలిచినది. ఒక కారణము సులభముగా దెలియును: నేటమైసిన్ సీసాలో నూటికి 5 పాళ్లు మందుండును, రెండవదానిలో 1 పాలే. గుంటలోని యంకె చిన్నదైనంత మాత్రమున కంటిలో మందు చాలునని కాదు.

అట్లని ప్రయోగశాల వ్యర్థమనరాదు. ఆ రోగుల బూజులనే పరీక్షింపగా, నేటమైసిన్ నకు లొంగక ఎక్కువ మోతాదు గోరిన బూజున్నవారికి, ఆ మందు వాడినను కన్ను చిల్లిపడుట హెచ్చుగా నుండెను. ఏ పుండు మొండిదో ముందే హెచ్చరించుటకు ఆ యంకె పనికివచ్చును.

ఈ నేటమైసిన్ 1955లో నేటాల్ దేశపు మట్టిలోని సూక్ష్మజీవినుండి దొరకినది. పూర్వము మన తెలుగు కూలీలు చెఱకుతోటలకు వలసపోయిన నేటాలే యది.

కంటిలో గీత పడినప్పుడు ఆకుపసరు, ఆముదము, చనుబాలు పోయరాదు. అంగడిలో నడిగి తెచ్చిన చుక్కలు అంతకంటె ప్రమాదము. వానిలో స్టెరాయిడున్నచో ఎఱ్ఱదనము తగ్గినట్లు కనబడును, లోపల బూజు పెరుగును. ముందే మందులు పోసిన కంటి గీకుడు పళ్లెములో మొలవకపోవచ్చును కూడ. కావున మచ్చ కనబడిన దినముననే గీకుడు పరీక్షగల వైద్యశాలకు బోవలయును. నేటమైసిన్ వ్రాసియిచ్చినచో మొదటి వారము మెలకువగా నున్నంతసేపు గంటకొకమాఱు వేయుమందురు. మందు సీసా యడుగున పేరుకొనును. ప్రతిమాఱు బాగుగ కుదిపి వేయవలయును, లేనిచో కంటిలో బడునది పైతేటయే.